పియోనీకి ఆకులే తప్ప పువ్వులు రావట్లేదా? ముందు లోతు చూడండి

పియోనీ (చలి ప్రాంతాల్లో పెద్ద పువ్వులు పూసే, ఏటా వేరు నుంచి మళ్లీ మొలిచే మొక్క) నాటి నాలుగో ఏడు నడుస్తోందని, ఆకు దట్టంగా ఉన్నా పువ్వు రావట్లేదని, ఎరువు పెంచాలా అని అడిగారు. పెంచకండి. ముఖ్యంగా నత్రజని ఎక్కువున్న ఎరువు అసలు వద్దు. దానితో ఆకే ఇంకా పెరుగుతుంది, మొగ్గ రాదు. ముందు మొక్క మొదట్లో మట్టిని వేళ్లతో మెల్లగా తీసి, వేరు పైభాగాన ఎర్రగా కనిపించే మొలక కన్నులు ఎంత లోతులో ఉన్నాయో చూడండి. పై మట్టికి 3 నుంచి 5 సెంటీమీటర్ల కింద ఉంటే సరే. అంతకంటే బాగా లోతుగా ఉంటే మీ సమస్య దాదాపుగా అదే.

మేం ఈ ఇంటికి వచ్చేసరికే పెరట్లో ఒక పాత పియోనీ గుబురు ఉంది. మీరు చెప్పినట్టే ఆకు ఏపుగా ఉండేది, పువ్వు ఒక్కటీ లేదు. తవ్వి చూస్తే కన్నులు బెత్తెడు కంటే లోతున ఉన్నాయి. అంతకుముందు ఉన్నవాళ్లు ఏటా మొదట్లోనే కంపోస్టు పోసేవారట. మొక్క మీద ప్రేమతోనే పోశారు, కానీ పొర మీద పొర చేరి కన్నులు లోపలికి పోయాయి. ఆకులు వాడిపోయే శరదృతువు దాకా ఆగి, గుబురు చుట్టూ దూరంగా తవ్వి పైకి తీశాం. వేర్లు లావుగా ఉంటాయి కానీ పుటుక్కున విరుగుతాయి, తొందరపడకూడదు. మట్టి కడిగేసి, ప్రతి ముక్కకీ 3 నుంచి 5 కన్నులు ఉండేలా పదునైన కత్తితో కోసి నాటాం. గుంత పూడ్చాక నీళ్లు పోస్తే మట్టి కుంగుతుంది, దాంతో పాటు వేరూ దిగుతుంది. అందుకే నీళ్లు ఇంకాక లోతు మళ్లీ చూసుకోవాలి.

ఆ వసంతంలో నాలుగు కాడలు తప్ప ఏమీ రాలేదు. మరుసటి ఏడాది కొన్ని పువ్వులు వచ్చాయి. ఆ తర్వాత పూల బరువుకి కాడలు వంగిపోతుంటే చుట్టూ కమ్మీ రింగు పెట్టాల్సి వచ్చింది. చోటు కుదిరితే పియోనీ 50 ఏళ్లు పైగా బతుకుతుంది, కాబట్టి ఈ రెండు మూడేళ్లకి టెన్షన్ పడకండి. మధ్యలో మళ్లీ కదిలిస్తే మాత్రం మొదటికొస్తుంది.

లోతు సరిగ్గానే ఉంటే ఎండ చూడండి. రోజుకి కనీసం 6 గంటలు నేరుగా పడాలి. నాటినప్పుడు చిన్నగా ఉన్న పక్క చెట్టు ఇప్పుడు నీడ కమ్మేస్తూ ఉండొచ్చు. చలి కూడా కావాలి. శీతాకాలంలో కొన్ని వారాల పాటు ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందకు దిగని చోట ఇది సరిగా పూయదు, ఎంత సేవ చేసినా. చలి తక్కువగా ఉండే చోట కన్నులు 2 సెంటీమీటర్ల లోతులోనే ఉంచాలి.

ఒకవేళ మొగ్గలు వచ్చి చిన్నగా ఉండగానే నల్లబడి ఎండిపోతుంటే అది వేరే సంగతి, ఎక్కువగా బూజు తెగులు. ఆ కాడలు కోసి పారేయండి, కంపోస్టులో వేయకండి. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. శరదృతువులో ఎండిన కాడలన్నీ నేల మట్టానికి కోసి తీసేయండి. మొగ్గల మీద చీమలు కనిపిస్తే మందు కొట్టకండి. అవి మొగ్గ నుంచి ఊరే తీపి రసం కోసం వస్తాయి. వాటితో హాని లేదు, మొగ్గ విచ్చుకోవడానికి అవే కావాలన్నదీ నిజం కాదు.

ఇప్పుడు మొక్క పచ్చగా ఉంటే పైకి తీయకండి. మొదట్లో పేరుకున్న అదనపు మట్టిని చేత్తో పక్కకి లాగేయండి, ఒక్కోసారి అంతమాత్రానికే పూస్తుంది. ఆకులు మాత్రం వాటంతట అవి వాడేదాకా ఉంచండి. వచ్చే ఏటి కన్నులకు బలం వాటి నుంచే అందుతుంది.