ప్రెషర్ పెంచితే ప్రెస్ వేగం పెరుగుతుందా?

మీరు రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. చేత్తో కొట్టే హైడ్రాలిక్ జాకీ ఒక్క మనిషి బలంతో టన్ను బరువును లేపుతున్నప్పుడు శక్తి అందులో ఎక్కడో పెరుగుతున్నట్టే కదా అన్నది మొదటిది. నిదానంగా నడుస్తున్న హైడ్రాలిక్ ప్రెస్‌కు, అంటే ఆయిల్ ప్రెషర్‌తో ముక్కను నొక్కే యంత్రానికి, రిలీఫ్ వాల్వు (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేసే వాల్వు) బిగించి ప్రెషర్ పెంచితే వేగం వస్తుందా అన్నది రెండోది. ఆ రెండో పనిని ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను స్వయంగా చేసి చీవాట్లు తిన్నాను కాబట్టి, దాని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

చిక్కు సగం మన మాటల్లోనే ఉంది. వాడుకలో బలం, శక్తి, పవర్ అనే మూడింటినీ ఒకదాని బదులు మరొకటి వాడేస్తాం, ఎదుటివారికి అర్థమైపోతుంది కూడా. లెక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాటిని విడదీయక తప్పదు. బలం అంటే తోపు, దాన్ని న్యూటన్లలో కొలుస్తాం. ఆ తోపు వస్తువును కొంత దూరం జరిపినప్పుడు జరిగేది పని, ఆ పనికి ఖర్చయ్యేది శక్తి, ఈ రెండింటికీ కొలత జౌళ్లు. సెకనుకు ఎన్ని జౌళ్లు ఖర్చయ్యాయన్నది పవర్, అంటే పాఠ్యపుస్తకాలు సామర్థ్యం అని పిలిచేది. హైడ్రాలిక్స్‌లో బలం స్థానంలో పీడనం (ప్రెషర్), దూరం స్థానంలో కదిలిన ఆయిల్ పరిమాణం, వేగం స్థానంలో ఆయిల్ ప్రవాహం వస్తాయి. అందువల్ల పీడనాన్ని ఆయిల్ పరిమాణంతో గుణిస్తే శక్తి, ప్రవాహంతో గుణిస్తే పవర్ వస్తుంది. షాపులో నోటిలెక్కకు పనికొచ్చే రూపం ఇది: పీడనాన్ని కొలిచే బార్లను, ప్రవాహాన్ని కొలిచే నిమిషానికి లీటర్లతో గుణించి 600తో భాగిస్తే కిలోవాట్లు.

ఇప్పుడు జాకీ సంగతి. చిన్న పిస్టన్ వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు, పెద్దది 20 అనుకోండి. పాస్కల్ సూత్రం ప్రకారం రెండు చోట్లా పీడనం ఒకటే కాబట్టి బలం 20 రెట్లు అవుతుంది. హ్యాండిల్ మీటలా పనిచేసి మరో 15 రెట్లు పెంచుతుంది, మొత్తం 300 రెట్లు. అంటే 1000 కిలోల బరువుకు, ఘర్షణను పక్కన పెడితే, చేతి దగ్గర మూడు కిలోల పైచిలుకు నొక్కుడు చాలు. అయితే చిన్న పిస్టన్ 20 మిల్లీమీటర్లు దిగినప్పుడు పెద్ద పిస్టన్ లేచేది ఒకే ఒక్క మిల్లీమీటరు, అదే సమయంలో మీ చెయ్యి 300 మిల్లీమీటర్లు కదిలి ఉంటుంది. ఆ బరువును 30 సెంటీమీటర్లు లేపాలంటే 300 సార్లు కొట్టాలి, అంటే నొక్కే దిశలోనే చెయ్యి మొత్తం 90 మీటర్లు ప్రయాణం చేయాలి. పైన బరువుకు అందిన శక్తి సుమారు 2940 జౌళ్లు, చెయ్యి ఇచ్చినదీ అంతే. నిజానికి సీళ్ల (పిస్టన్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రింగుల) ఘర్షణ వల్ల చెయ్యే కొంచెం ఎక్కువ ఇస్తుంది. సెకనుకు ఒకటి చొప్పున కొట్టారనుకుంటే పని పూర్తవడానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ లెక్కన మీ పవర్ 10 వాట్లు దాటదు. ఒక చిన్న ఎల్‌ఈడీ బల్బు అంత. అదే బరువును అంతే ఎత్తుకు 1 కిలోవాట్ పంపు మూడు సెకన్లలో లేపుతుంది. బలం రెండు చోట్లా ఒకటే, శక్తి కూడా ఒకటే, తేడా అంతా పవర్‌లోనే. జోసెఫ్ బ్రామా 1795లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న ప్రెస్ దగ్గరి నుంచి నేటి ఎక్స్‌కవేటర్ల దాకా ఈ లెక్క మారలేదు.

ఇక నా కథ. నేను చూసుకునే ప్రెస్‌లో సిలిండర్ వ్యాసం 200 మిల్లీమీటర్లు, పంపు నిమిషానికి 30 లీటర్ల స్థిర పిస్టన్ పంపు (ప్రవాహాన్ని మార్చుకోలేనిది), మోటారు 9.3 కిలోవాట్లది, రిలీఫ్ వాల్వు 160 బార్ల దగ్గర సెట్ చేసి ఉండేది. మామూలుగా పని చేస్తున్నప్పుడు, అంటే డై (ముక్కకు ఆకారమిచ్చే అచ్చు) ముక్కను నొక్కుతూ దిగుతున్నప్పుడు, గేజి 140 బార్లు చూపించేది. ఆ స్ట్రోక్ (డై దిగే ప్రయాణం) వేగం సెకనుకు 16 మిల్లీమీటర్లు ఉండాల్సింది 12కు పడిపోయిందని ఆపరేటర్ ఫిర్యాదు చేశాడు. ప్రెషర్ తగ్గి ఉంటుందనుకుని నేను రిలీఫ్ వాల్వు లాక్‌నట్ వదులు చేసి, స్క్రూ తిప్పి 200 బార్లకు తీసుకెళ్లాను. మళ్లీ నడిపితే నొక్కేటప్పుడు గేజి అదే 140 దగ్గర నిలబడింది, వేగం వెంట్రుకవాసి కూడా పెరగలేదు. స్ట్రోక్ చివర డై పూర్తిగా మూసుకుని ప్రెస్ పట్టి ఉంచే సమయంలో మాత్రం ముల్లు 200కు ఎగబాకేది, వాల్వు దగ్గర సన్నటి ఈల మొదలయ్యేది. పావుగంట గడవకముందే మోటారు మీద భారం మించితే దాన్ని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే పడిపోయింది.

మా సీనియర్ ఫిట్టర్ వచ్చి ముందు స్క్రూను పాత స్థానానికి తిప్పించారు, తర్వాత ఒక బకెట్టూ వాచీ తెమ్మన్నారు. పంపు కేస్ డ్రెయిన్ గొట్టాన్ని, అంటే పంపు లోపల కారిన ఆయిల్‌ను ట్యాంకుకు చేర్చే గొట్టాన్ని, ట్యాంకు దగ్గర విప్పి బకెట్టులో పెట్టి, ప్రెస్ 140 బార్ల మీద నొక్కిన నిమిషం పాటు వచ్చిన ఆయిల్‌ను కొలిస్తే దాదాపు 8 లీటర్లు తేలింది. "పంపు అరిగిపోయింది బాబూ, నువ్వు వాల్వును తిడుతున్నావు" అన్నారు.

ఇందులో రెండు విషయాలు వేర్వేరుగా చూడాలి. పంపు ప్రెషర్‌ను ఇవ్వదు, ఆయిల్‌ను మాత్రమే నెడుతుంది. ఎదురు లోడు ఎంత ఉంటే ప్రెషర్ అంతవరకే లేస్తుంది. ఆ ముక్కకు 140 బార్లే అవసరమైనప్పుడు రిలీఫ్ వాల్వును 160 దగ్గర ఉంచినా 200 దగ్గర ఉంచినా గేజి 140నే చూపిస్తుంది, ఎందుకంటే ఆ వాల్వు దాటకూడని హద్దును గీస్తుందే తప్ప ప్రెషర్‌ను పుట్టించదు. వేగాన్ని నిర్ణయించేది సిలిండర్‌కు చేరే ప్రవాహం. 30 లీటర్లలో 8 లీటర్లు పంపులోనే సందుల గుండా జారిపోతే సిలిండర్‌కు దక్కేవి 22, ఆ లెక్కకు సెకనుకు 12 మిల్లీమీటర్లే వస్తాయి. ఆ 8 లీటర్లూ 140 బార్ల నుంచి ఏ పనీ చేయకుండా సున్నాకు పడిపోతాయి కాబట్టి, 600 లెక్క ప్రకారం 1.9 కిలోవాట్ల దాకా వేడిగా మారుతుంది.

మోటారు ఎందుకు ఆగిపోయిందన్నది ఇంకా ఆసక్తికరమైన సంగతి. డై మూసుకుని ప్రెస్ కదలకుండా పట్టి ఉంచినప్పుడు అక్కడ 60 టన్నుల పైచిలుకు బలం ఉన్నా దూరం సున్నా కాబట్టి జరిగే పని కూడా సున్నాయే. పంపు మాత్రం ఆగకుండా 30 లీటర్లను నెడుతూనే ఉంటుంది. ఆ ఆయిలంతా రిలీఫ్ వాల్వు గుండానో, పంపు లోపలి సందుల గుండానో ట్యాంకుకు చేరాల్సిందే. 160 బార్ల దగ్గర అది 8 కిలోవాట్లు. పంపు యాంత్రిక నష్టాలు కలిపినా మోటారు ఎలాగో మోసేది. నేను 200కు పెంచేసరికి అదే 10 అయ్యింది, నష్టాలతో 11 దాటి ఉంటుంది. 9.3 కిలోవాట్ల మోటారు అది ఎంతసేపు భరిస్తుంది? పైగా ఆ 10 కిలోవాట్లూ ఆయిల్‌ను కాచడానికే పోయాయి. 200 బార్ల మీద ఒక లీటరు ఆయిల్‌ను నెట్టడానికి 20 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. లీటరు ఆయిల్ ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 1.65 కిలోజౌళ్లు చాలు కాబట్టి, ట్యాంకు నుంచి బయలుదేరి వాల్వు గుండా ట్యాంకుకే తిరిగి వచ్చిన ప్రతి లీటరూ 12 డిగ్రీల వేడిని మోసుకొస్తుంది. వేడెక్కిన ఆయిల్ పలచబడుతుంది, పలచబడితే అరిగిన పంపులో లీకేజీ ఇంకా పెరుగుతుంది, ప్రెస్ ఇంకా నిదానిస్తుంది. అంటే వేగం కోసం నేను తిప్పిన స్క్రూ వేగాన్ని తగ్గించడానికే పనిచేసిందన్నమాట.

పట్టి ఉంచే పని ఎక్కువగా ఉండే ప్రెస్‌లలో, ప్రెషర్ అందగానే పంపును అన్‌లోడ్ చేసి (ఆయిల్‌ను ప్రెషర్ లేకుండా ట్యాంకుకు తిప్పి), చెక్ వాల్వు (ఆయిల్‌ను ఒకే దిశలో పోనిచ్చేది), అక్యుములేటర్లతో (ఆయిల్‌ను ప్రెషర్ మీద నిల్వ ఉంచే పాత్రలతో) పట్టు నిలిపేది ఇందుకే. ప్రెషర్ అందగానే తన ప్రవాహాన్ని తానే తగ్గించుకునే వేరియబుల్ పంపు కూడా ఇదే పని చేస్తుంది. నా అభిప్రాయంలో రిలీఫ్ వాల్వును రోజూ పనిచేసే వాల్వుగా వాడే సర్క్యూట్ డిజైనులోనే తప్పు ఉన్నట్టు.

మీ ప్రెస్ విషయంలో ముందు చేయాల్సింది స్ట్రోక్‌కు ఎన్ని సెకన్లు పడుతోందో ఖాళీగా ఒకసారి, లోడు మీద ఒకసారి కొలవడం. ఖాళీగా సరిగ్గా దిగి లోడు మీద మాత్రమే నిదానిస్తే లోపలి లీకేజీ అని అనుమానించవచ్చు, అది పంపులో కావచ్చు, సిలిండర్ సీళ్లలో కావచ్చు, వాల్వులో కావచ్చు. రెండు సందర్భాల్లోనూ నిదానంగా ఉంటే సక్షన్ ఫిల్టరూ (పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండేది) ఫ్లో కంట్రోల్ వాల్వూ (ప్రవాహాన్ని నియంత్రించేది) చూడండి. బయటి లీకేజీని మాత్రం చేత్తో తడిమి వెతకకండి. సూదిమొన రంధ్రం నుంచి ఆ ప్రెషర్ మీద వచ్చే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఏ గొట్టమైనా విప్పే ముందు మిషన్ ఆపి, అక్యుములేటర్ ఉంటే దాన్ని ఖాళీ చేసి, గేజి సున్నాకు వచ్చిందని చూసుకోండి. కేస్ డ్రెయిన్ కొలిచాక నిమిషానికి ఎన్ని లీటర్లు వచ్చాయో, అప్పుడు గేజి ఎంత చూపిందో ఇక్కడ రాస్తే పంపు మార్చాలో వద్దో లెక్క వేసి చెబుతాను.