స్టీలు సింకు మీద తెల్లని పొర పోవాలంటే

మీ ఇంట్లో బోరు నీళ్లని, స్టీలు సింకు మీది తెల్లని పొర వెనిగర్, వంట సోడా కలిపి పోసినా పోలేదని అడిగారు. కారణం ఆ కలపడమే. ఒకటి ఆమ్లం, రెండోది క్షారం; నురగ బుసబుసా పొంగుతుంది గానీ ఒకదాని బలాన్ని ఒకటి తినేస్తాయి. మీవి బోరు నీళ్లు కాబట్టి అది నీళ్లలోని కాల్షియం లవణాలు పేరుకున్న పొర. దానికి ఆమ్లమే మందు.

1. ముందు గిన్నెల సబ్బుతో జిడ్డు వదిలించండి.
2. తెల్ల వెనిగర్‌లో పాత నూలు గుడ్డ తడిపి పొర మీద 15 నిమిషాలు పరచి ఉంచండి. కుళాయి మొదట్లో గుడ్డ నిలవదు, అక్కడ నిమ్మచెక్క నయం.
3. స్టీలు మీది సన్నగీతల వెంబడే స్పాంజితో రుద్దండి. స్టీలు పీచు వద్దు.
4. నీళ్లతో బాగా కడగండి.
5. వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

అందరూ వదిలేసేది ఈ అయిదోదే. కడిగి వదిలేస్తే చుక్కలు ఆరిపోయి, వాటిలోని లవణం అక్కడే మిగులుతుంది. మా సింకులో కుళాయి కింద రూపాయి బిళ్లంత మచ్చ నెలల తరబడి ఇలాగే తిరిగి వచ్చేది. రాత్రి చివరి గిన్నె కడిగాక ఒక్క తుడుపు మొదలుపెట్టాకే ఆగింది. ఆపైన మెరుపు కావాలంటే గుడ్డకు రెండు చుక్కల కొబ్బరినూనె.

బ్లీచింగ్ పౌడర్ మాత్రం వాడకండి. వెనిగర్ తగిలితే క్లోరిన్ విషవాయువు వస్తుంది. పక్కన పాలరాతి గట్టు ఉంటే దాని మీద వెనిగర్ చిందనీయకండి, రాయి మసకబారుతుంది.