నాన్నగారి సమాధికి ఏ రాయి వేయించాలి, దాని మీద ఏం రాయించాలి?

మీరు అడిగినవి రెండు. నాన్నగారు పోయి నాలుగు నెలలైంది, ఏడాది తిరిగేలోపు సమాధి కట్టించాలి, మార్బుల్ మంచిదా గ్రానైట్ మంచిదా అన్నది ఒకటి. రాయి మీద ఏం రాయిస్తే బాగుంటుందన్నది రెండోది. ఆయన సఖినేటిపల్లి రేవులో పంటు మీద, అంటే మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పెద్ద పడవ మీద, పనిచేసేవారని చివర్లో ఒక ముక్క రాశారు. అది చూశాకే జవాబు రాయాలనిపించింది. మాది నరసాపురం పక్క పల్లెటూరు, ఆ పంటు ఎక్కనివాళ్ళు మా వైపు ఎవరూ ఉండరు. మా అమ్మ సమాధి రాయి నేనే దగ్గరుండి చేయించాను కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను.

రాయి సంగతి ముందు తేల్చేద్దాం. గ్రానైటే వేయించండి. మార్బుల్ షాపులో తెల్లగా మెరుస్తూ బాగానే ఉంటుంది, కానీ అది సున్నం జాతి రాయి. వాన నీటిలో సహజంగానే కాస్త ఆమ్లం ఉంటుంది, అది ఏటా ఇంత చొప్పున పైపొరని తినేస్తుంది. ముందు పాలిష్ పోతుంది, తర్వాత అక్షరాల అంచులు మొద్దుబారతాయి. పైగా మన తేమకి పాచి పట్టి పచ్చగా అవుతుంది. ఆ పాచి పోవాలని ఎవరో ఒకరు బాత్రూమ్ యాసిడ్ పోస్తారు, దాంతో మిగిలిందీ పోతుంది. మా సమాధుల తోటలో మా తాతల కాలం నాటి మార్బుల్ పలకలు ఉన్నాయి. వేలితో తడిమితే గానీ పేరు తెలియదు.

గ్రానైట్‌లోనూ చూసి తీసుకోవాలి. షాపువాళ్ళు ముందు చూపించేది చీమకుర్తి గెలాక్సీ. ప్రకాశం జిల్లా రాయి, ప్రపంచమంతా పేరున్నదే, వంటగట్టుకి చాలా అందంగా ఉంటుంది. సమాధికి మాత్రం నేను వద్దంటాను. దానిలో బంగారు చుక్కలు ఉంటాయి కదా, ఎండ పడితే అవి మెరుస్తాయి, అక్షరాలు కనపడవు. మచ్చలేని నల్లరాయి అడగండి. అయితే అది నిజంగా నలుపేనా, రంగు పట్టించిన బూడిదరంగు రాయా అన్నది చూసుకోవాలి. తెల్లగుడ్డ మీద కాస్త నెయిల్ పాలిష్ రిమూవర్ పోసి రాయి మూల గట్టిగా రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే రంగు వేసిన రాయే, ఎండకి రెండు మూడేళ్ళలో వెలిసిపోతుంది. షాపాయన మొహం మాడ్చుకున్నా ఫర్వాలేదు, ఆ పరీక్ష చేయకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

ఇంకోటి మన నేల. డెల్టాలో తవ్వినకొద్దీ మట్టే గానీ రాయి దొరకదు. కాటన్ దొర 1847లో గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు కూడా ధవళేశ్వరం కొండ దగ్గర కొట్టిన రాయే వాడారు. మన నల్లమట్టి ఎండాకాలం బీటలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది. గొయ్యి పూడ్చిన మట్టి అయితే ఇంకా కుంగుతుంది. కనీసం ఒక వానాకాలం దాటనివ్వండి. నిలువు రాయి పెట్టేటట్టయితే దాని పునాది గొయ్యి మీద కాకుండా, తల వైపు తవ్వని గట్టి నేలలో వేయించండి. 3 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న గ్రానైట్ పలక 110 కిలోల పైనే తూగుతుంది. అంత బరువు వదులు మట్టి మీద పెడితే మరుసటి ఏడాదికి ఒక పక్కకి ఒరుగుతుంది. రాయిని దిమ్మెకి బిగించే చువ్వలు మామూలు ఇనుముతో వద్దు, స్టెయిన్‌లెస్ స్టీల్ వేయించండి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు, మామూలు ఇనుము తుప్పుపట్టి ఉబ్బి రాయిని లోపల్నుంచి పగలగొడుతుంది. కొబ్బరిచెట్టు కింద చోటు గనక అయితే మట్టలు, కాయలు పడే వైపు చూసుకోండి.

ఇక రెండో ప్రశ్న. నా దృష్టిలో అసలు విషయం ఇదే.

మా అమ్మ లేసు అల్లేది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. మిషనరీలు పందొమ్మిదో శతాబ్దంలో నేర్పిన పని, ఇప్పటికీ ఇంటింటా ఆడవాళ్ళు వంట అయ్యాక గడపలో కూర్చుని అల్లుతూనే ఉంటారు. ఏజెంటు దారం తెచ్చి ఇస్తాడు, అల్లింది తీసుకెళ్తాడు, చేతిలో పెట్టేది ఎంతో అడక్కండి. ఆ లేసు ఓడలెక్కి ఎక్కడెక్కడికో పోతుంది. 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే ముద్ర, వచ్చిందని పేపర్లో చూసి సంతోషించాను. కానీ మా అమ్మ వేళ్ళు వంకరపోయేదాకా అల్లిన వాటిలో ఒక్కదాని మీద కూడా ఆవిడ పేరు లేదు. ఏ దేశంలో ఎవరి బల్ల మీద ఉన్నాయో కూడా తెలియదు. అందుకే రాయి మీద ఆవిడ పేరుతో పాటు ఆవిడ పని కూడా ఉండాలని పట్టుబట్టాను.

మొదట వెళ్ళిన షాపులో కుర్రాడు ఫోన్‌లో కేటలాగ్ చూపించాడు. సిలువ, గులాబీలు, జోడించిన చేతులు, పావురం. మా ఊళ్ళో ఇప్పటికే అవే పావురాలు ఉన్నాయి. లేసు డిజైన్ అంచుగా కావాలన్నాను. "ఫోటో తీసి పంపండి మేడమ్, లేజర్‌లో వేసేస్తాం" అన్నాడు. చిన్న ముక్క మీద వేసి చూపిస్తే బూడిద చల్లినట్టు మసకగా వచ్చింది. లేజర్ చేసేది పైన పాలిష్‌ని చెదరగొట్టడమే, లోతు ఉండదు. దగ్గరకెళ్ళి చూస్తే గానీ అది లేసని తెలియలేదు.

అక్కడున్న ఒకాయన పాలకొల్లు వైపు ఒక మేస్త్రీగారి పేరు చెప్పారు. పెద్దాయన, రేకుల షెడ్డు, ఇద్దరు శిష్యులు. నా పెళ్ళికి అమ్మ అల్లి ఇచ్చిన టీపాయి గుడ్డ తీసుకెళ్ళాను. దానికి చుట్టూ గవ్వల అంచు ఉంటుంది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకునే ముందు చెయ్యి కడుక్కుని తుడుచుకొచ్చారు. పాలిష్ చేసిన నల్ల పలక మీద గుడ్డని పరిచి, నాలుగు మూలలా చిన్న రాళ్ళు పెట్టి, ఫ్యాన్ ఆపించి, ముగ్గుపిండి పల్చటి బట్టలో మూటకట్టి దాని మీద మెల్లగా తట్టారు. గుడ్డ ఎత్తేసరికి నల్లరాయి మీద అమ్మ అల్లిక మొత్తం తెల్లగా దిగి ఉంది. ప్రతి కన్నం, ప్రతి గవ్వ. నాకు నోట మాట రాలేదు.

ఆయన మాత్రం కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "ఇంత సన్న గీతలు రాయిలో నిలబడవమ్మా, మధ్యలో సన్నటి గోడలు రాలిపోతాయి. అల్లిక వదిలేసి గవ్వల ఆకారం మటుకు తీసుకుందాం" అన్నారు. సరేనన్నాను. తర్వాత మూల దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ చూడండి, అమ్మగారు మూల తిప్పేటప్పుడు గవ్వని కొంచెం పెద్దది చేశారు. లేకపోతే అంచు ముడుచుకుపోయేది. మా కుర్రాళ్ళయితే అన్నీ ఒకే సైజులో కొట్టేసి మూల దగ్గర ఇరుక్కుపోతారు" అన్నారు. రాయి కొట్టే మనిషి, లేసు సూది ఎప్పుడూ పట్టుకోని మనిషి, అమ్మ చేతిపనిలో కిటుకు పట్టేశారు. ఎన్నో ఏళ్ళు ఆవిడ పక్కన కూర్చున్న నాకు అది ఎప్పుడూ తట్టలేదు. పిండి చెదరకముందే ఉక్కు మొనతో గవ్వల గీతలు గీసేసి, తర్వాత అక్షరాలతో పాటు ఉలితోనే కొట్టారు.

అందుకే చెబుతున్నాను, మీరు షాపుకి వెళ్ళేటప్పుడు ఫోన్ ఫోటో కాకుండా నాన్నగారి వస్తువు ఏదైనా చేత్తో పట్టుకుని వెళ్ళండి. దాన్ని చూసి మాట్లాడే మేస్త్రీ దొరికేదాకా తిరగండి. ఖర్చు కాస్త ఎక్కువే అవుతుంది. కావాలంటే రాయి సైజు తగ్గించుకోండి, చెక్కే మనిషి దగ్గర మాత్రం తగ్గొద్దు.

మా అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. సంఘ పెద్దలు ఏమంటారో అని టెన్షన్ పడ్డాడు. పైన సిలువ, కింద బైబిల్ వాక్యం, చుట్టూ గవ్వలు అని గీసి చూపిస్తే పాస్టర్‌గారు చాలా సంతోషించారు. మీరూ ముందే మీ సంఘంలో అడగండి, కొన్నిచోట్ల రాయి కొలతలకి రూల్స్ ఉంటాయి.

మా ఇంట్లో అసలు గొడవ పుట్టిన తేదీ దగ్గర వచ్చింది. అమ్మ ఆధార్‌లో 1956 జనవరి 1 అని ఉంది. అది ఆవిడ పుట్టిన రోజు కాదని అందరికీ తెలుసు. తేదీ తెలియని పెద్దవాళ్ళకి ఏదో ఒకటి వేసేస్తారు కదా. గోదావరి పెద్ద వరద వచ్చిన ఏడాది తను పుట్టానని అమ్మ ఎప్పుడూ చెప్పేది, పుట్టిన పిల్లని చుట్టకుదురు మీద పడుకోబెట్టి అటక మీద పెట్టారట. అది 1953. అన్నయ్య "కాగితాల్లో ఉన్నదే రాయిద్దాం, రేపు ఎవరైనా అడిగితే" అన్నాడు. సమాధి దగ్గరికొచ్చి ఆధార్ ఎవరు అడుగుతారు? "జననం: 1953 గోదావరి వరదల ఏడు" అని రాయించాను. ఇప్పుడు మా తోటకి వచ్చినవాళ్ళు ఆ లైన్ దగ్గర ఆగి, వాళ్ళ అమ్మమ్మలు చెప్పిన వరద కబుర్లు చెప్పుకుంటారు. మీ నాన్నగారికీ ఇలాంటి చిక్కే ఉంటే, తెలిసిన నిజమే రాయించండి.

రాయించకూడనిది ఒకటుంది. కట్టించినవాళ్ళ పేర్లు. కుమారులు, కోడళ్ళు, కుమార్తెలు, అల్లుళ్ళు, మనవలు, చదువులు, ఉద్యోగాలు, ఉంటున్న దేశాలతో సహా సగం పలక నింపేస్తున్నారు. మా తోటలో ఒక పెద్దాయన పేరు కంటే ఆయన అల్లుడి డిగ్రీ పెద్ద అక్షరాల్లో ఉంది. నాకు అది చూస్తే కడుపు మండుతుంది. ఫ్లెక్సీల అలవాటు సమాధుల దాకా వచ్చేసింది. డబ్బు పెట్టారు, నిజమే, బిడ్డలుగా అది మన బాధ్యత. రాయి మాత్రం పోయినవాళ్ళది. మా అన్నయ్య స్నేహితుడు "కనీసం మీ పేర్లు కింద చిన్నగా" అన్నా మేము వేయించలేదు.

తప్పుల విషయం కూడా చెప్పాలి. మీరు ఫోన్‌లో టైప్ చేసి పంపింది వాళ్ళ డీటీపీ ఫాంట్‌లో తెరుచుకోదు, పిచ్చి గుర్తులు వస్తాయి. అందుకని ఆపరేటర్ మళ్ళీ టైప్ చేస్తాడు, అక్కడే వత్తులు, దీర్ఘాలు ఎగిరిపోతాయి. మాకు మొదటి ప్రూఫ్‌లో "నిద్రించిన" బదులు "నిదించిన" అని వచ్చింది. ప్రింట్ తీయించుకుని, చివరి లైన్ నుంచి మొదటికి, ఒక్కో అక్షరం పైకి చదవండి. మొదటి నుంచి చదివితే కళ్ళు తప్పుల్ని దాటేస్తాయి. ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారికి కూడా ఒకసారి చూపించండి. తెలుగుకి వత్తులు కింద వేలాడతాయి కాబట్టి లైన్‌కీ లైన్‌కీ మధ్య చోటు ఎక్కువ వదలమనండి. అక్షరం అంగుళం కంటే చిన్నదైతే వత్తుల్లో దుమ్ము చేరి పూడిపోతాయి.

రాయి తీసుకెళ్ళే రోజు గురించి ముందే ఆలోచించండి. మా తోటకి చేలగట్టే దారి. వానల్లో ట్రాలీ ఆటో కూరుకుపోయి, పలకని నలుగురు భుజాన మోయాల్సి వచ్చింది. ఊరి వాళ్ళంతా చివరికి చేరే చోటుకి ఒక గ్రావెల్ రోడ్డు వేయడానికి డబ్బుండదు, సెంటర్లో విగ్రహాలకి మాత్రం ఉంటుంది. ఎన్ని అర్జీలు పెట్టినా అదే మాట. మీరు సంక్రాంతి దాటాక, మాసూళ్ళు (వరి కోతలు, నూర్పిళ్ళు) అయ్యి చేలు ఎండినప్పుడు పెట్టించుకోండి, ఏడాది ప్రార్థన కూడిక కంటే ముందో వెనకో అయినా ఫర్వాలేదు.

మీ నాన్నగారి రాయి మీద ఏముండాలో నేను చెప్పలేను, కానీ "పంటు" అన్న మాట మాత్రం ఉండాలి. ఉద్యోగం పేరు ఇంగ్లీషులో పెద్దగా రాయించకండి. "సఖినేటిపల్లి రేవులో పంటు నడిపిన మనిషి" అని రాస్తే ఆ గోదావరి దాటినవాళ్ళందరికీ ఆయన గుర్తొస్తారు. పంటు బొమ్మ కావాలంటే ఫోటో వద్దు, పక్క నుంచి కనపడే గీత చాలు. తాడు ముడి ఎలా వేసేవారో తెలిసిన ఆయన తోటి పనివాళ్ళు ఇంకా రేవులో ఉండే ఉంటారు. ముందు వాళ్ళని కలిసి, ఆ ముడి తాడుతో వేయించుకుని, దాన్నే మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్ళండి. అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వకండి, మిగతాది రాయి నిలబెట్టి, నీళ్ళు పోసి, అక్షరాలు చూసుకున్నాకే ఇవ్వండి.