బాబు దగ్గు విషయమై పెద్దమ్మ లేఖ

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

గురుకుల హాస్టల్ నుంచి దేవరకొండ వచ్చిన బాబుకు జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోందనీ, రాత్రంతా పొడిదగ్గు పీడిస్తోందనీ, ఆర్‌ఎంపీ ఇచ్చిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వాడినా మార్పు లేదనీ నీవు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. పిల్లల వార్డులో ఏళ్ల తరబడి నర్సుగా పనిచేసినదాన్ని కనుక, వాడు నడుస్తున్నాడు, ఆడుకుంటున్నాడు అన్న ధైర్యంతో ఆగిపోవద్దని నిన్ను కోరుతున్నాను.

ఇది మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా కావచ్చు. బడి వయసు పిల్లల్లో తరచుగా కనిపించే ఈ న్యుమోనియా దగ్గు తుంపరల ద్వారా, ముఖ్యంగా ఒకే గదిలో పడుకునేవారి మధ్య వ్యాపిస్తుంది. సోకిన 1 నుంచి 4 వారాలకు గాని బయటపడదు. ఈ బ్యాక్టీరియాకు కణకవచం ఉండదు. అమాక్సిసిలిన్, సెఫిక్సిమ్ వంటి మందులు ఆ కవచం మీదే పనిచేస్తాయి కాబట్టి, డోసు ఎంత పెంచినా దీన్ని ఏమీ చేయలేవు. డాక్టర్లు సాధారణంగా అజిత్రోమైసిన్ ఇస్తారు. అయితే దాన్ని నీవే మెడికల్ షాపులో కొని వేయకు. దానికి లొంగని రకాలూ ఉన్నాయి, పైగా వైరస్ వల్ల వచ్చిన దగ్గుకు అది పనికిరాదు. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష కూడా చేయించాలి.

చాలామంది పిల్లలు పూర్తిగా కోలుకుంటారు, దగ్గు మాత్రం కొన్ని వారాలు మిగలవచ్చు. కానీ కొందరిలో ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతుంది, రక్తకణాలు విచ్ఛిన్నమవుతాయి, అరుదుగా మెదడుకు వాపు వస్తుంది. అందుకే జ్వరం కన్నా ఊపిరిని ఎక్కువగా గమనించు. బాబు నిద్రపోతున్నప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టు. ఐదేళ్లు దాటినవాడికి 30 మించితే ఆలస్యం చేయకు. ఇంట్లో చంటిదానికీ దగ్గు మొదలైతే, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 40 హద్దు అని గుర్తుంచుకో. డొక్కలు ఎగరేయడం, పెదవులు నీలిబారడం, నీళ్లు తాగలేకపోవడం, మత్తుగా పడి ఉండడం, ఫిట్స్ రావడం కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయి. కళ్లు ఎర్రబడి నోట్లో పుండ్లు లేచినా, మూత్రం ముదురు రంగులోకి మారినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈరోజే బాబును నల్లగొండలో పిల్లల డాక్టరుకు చూపించు. ఇప్పటిదాకా వాడిన మందుల అట్టలన్నీ వెంట తీసుకెళ్లి, హాస్టల్లో ఇంకెవరెవరికి దగ్గుందో కూడా డాక్టరుకు చెప్పు.

నీ పెద్దమ్మ