హెల్త్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేసి యూనివర్సిటీలో చేరితే పని ఎలా ఉంటుంది?

ఎం.ఏ. ఎకనామిక్స్ అయిపోయింది, ఆరోగ్య అర్థశాస్త్రం వైపు వెళ్లాలనుంది, డాక్టర్ చదువు లేకపోతే ఇబ్బందా, పరిశోధన, పాఠాలు, పీహెచ్‌డీ పిల్లల్ని చూసుకోవడం వీటిలో దేనికి ఎక్కువ టైం పోతుంది అని అడిగారు. చాలాకాలంగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

డాక్టర్ చదువు అక్కర్లేదు. ఈ సబ్జెక్టుకి పునాది అనదగ్గ 1963 నాటి వ్యాసం రాసిన కెన్నెత్ ఆరో వైద్యుడు కాదు, సిద్ధాంతాల మీద పనిచేసిన ఆర్థికవేత్త. జబ్బు ఎప్పుడొస్తుందో రోగికి తెలియదు. వచ్చాక ఏ వైద్యం కావాలో అంతకన్నా తెలియదు. అది తెలిసింది వైద్యం అమ్మే వాళ్లకే. అలాంటప్పుడు ఇది మామూలు మార్కెట్‌లా ఎలా నడుస్తుంది? ఇప్పటికీ మేం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాం. కాకపోతే ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఏం జరుగుతుందో కొంతైనా తెలిసి ఉండాలి. నాకది పుస్తకాల్లో కంటే క్లాసులో ఎక్కువ దొరికింది.

ఒకసారి మోరల్ హజార్డ్, అంటే ఖర్చు వేరేవాళ్లు భరిస్తే జనం అవసరానికి మించి వాడేస్తారన్న వాదన మీద పాఠం చెబుతున్నాను. 1970ల్లో అమెరికాలో రాండ్ అనే పరిశోధన సంస్థ మొదలుపెట్టిన ప్రయోగం గురించి ఎక్కడైనా చెబుతారు. వైద్యం పూర్తిగా ఉచితంగా దొరికిన కుటుంబాలు, ఖర్చులో కొంత సొంతంగా పెట్టుకోవాల్సిన కుటుంబాల కంటే ఎక్కువ సేవలు వాడుకున్నాయి. బోర్డు మీద గీత గీసి వివరిస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. చదువులోకి రాకముందు ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేసే ఒక ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రగా, అంటే పథకం రోగులకి దారి చూపే ఉద్యోగిగా చేసిన అమ్మాయి. "మేడం, ఫ్రీ కదా అని పొట్ట కోయించుకోవడానికి ఎవరైనా వస్తారా? ఆపరేషన్ కావాలని రాసేది పేషెంటు కాదు కదా" అంది. ఆ గంటలో పాఠం ముందుకు సాగలేదు. 2007లో ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన దగ్గర్నుంచి ప్యాకేజీ రేట్లు (ఒక్కో ఆపరేషన్‌కి ఆసుపత్రికి కట్టే నిర్ణీత మొత్తం) ఎలా ఉన్నాయి, ఏ ఆపరేషన్‌కి మిగులు ఎక్కువ అన్న దాని మీదికి చర్చ మళ్లింది. ప్రైవేటు ఆసుపత్రుల్లో గర్భసంచి ఆపరేషన్లు అవసరం లేకున్నా చేస్తున్నారన్న విమర్శ వచ్చాక, పథకం కింద వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేసిన సంగతి ఆ అమ్మాయే అందరికీ గుర్తు చేసింది. తర్వాత ఆమె డిసర్టేషన్ ప్రశ్న కూడా అక్కడి నుంచే పుట్టింది.

అందుకే పాఠాలు చెప్పడం పరిశోధనకి అడ్డం అనే ప్రొఫెసర్ల మాట నేను ఒప్పుకోను. పేపర్లు దిద్దడం, కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ సంస్థ కోసం ఫైళ్లు తయారు చేయడం మాత్రం అడ్డమే. అందులో మొహమాటం లేదు.

పరిశోధన అంటే స్టాటా (గణాంకాల సాఫ్ట్‌వేర్) తెరుచుకుని కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. మీరు కనీసం ఒక్క సర్వేలోనైనా ఊళ్లు తిరగండి. జాతీయ నమూనా సర్వేలో ఆసుపత్రిలో చేరిన ఖర్చుకి 365 రోజులు, ఓపీ వైద్యానికి 15 రోజులు వెనక్కి గుర్తు చేసుకుని చెప్పమంటారు. మా చిన్న సర్వేల్లోనూ అదే పద్ధతి. మహబూబ్‌నగర్ వైపు ఒక ఇంట్లో గత 15 రోజుల్లో వైద్యానికి ఏమైనా ఖర్చయిందా అంటే ఆమె "ఏం కాలే" అంది. గూట్లో ప్లాస్టిక్ సంచిలో సగం వాడిన మాత్రల స్ట్రిప్పు, ఖాళీ ఇంజక్షన్ సీసా కనిపిస్తున్నాయి. అవేంటమ్మా అంటే "ఆర్‌ఎంపీ ఇచ్చిండు, పైసలు పంట వచ్చినంక ఇస్తం" అంది. ఇప్పుడు ఆ గడిలో ఏం రాయాలి? వాళ్లాయన ఆపరేషన్‌కి ఆరోగ్యశ్రీ కార్డు పనిచేసింది కాబట్టి ఆసుపత్రి బిల్లు లేదు. కానీ బస్సులు, తోడున్నవాళ్ల తిండి, బయట కొన్న మందులు కలిపి అప్పు చేశారు, నూటికి మూడు రూపాయల మిత్తికి. సర్వేలో రవాణా, తిండి ఖర్చులకు చోటుంది, డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారని కూడా అడుగుతారు. మిత్తి మాత్రం ఏ ఖర్చు గడిలోనూ పడదు.

పై స్థాయిలో కనిపించే అంకెలన్నీ ఇలాంటి గడుల్లోంచి వచ్చినవే. మన దేశంలో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం నేరుగా జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22కి 39.4 శాతం అని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. ఈ తగ్గుదలలో నిజంగా జనానికి మిగిలింది ఎంత, లెక్క కట్టే పద్ధతి వల్ల కనిపించేది ఎంత అని మావాళ్లలో వాదన నడుస్తూనే ఉంది. ఊళ్లు తిరిగినవాళ్లు ఆ వాదనలో కాస్త నెమ్మదిగా మాట్లాడతారు.

ఇక టైం సంగతి. ఎక్కువ భాగం పోయేది పీహెచ్‌డీ పిల్లల డ్రాఫ్టులకే. యూజీసీ నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4 మందికి గైడ్‌గా ఉండొచ్చు. ఎనిమిది మందిని నిజంగా చదివించాలంటే మీకు ఆదివారాలు ఉండవు.

ఒక అబ్బాయి తెచ్చిన పట్టికలో కుటుంబాల సగటు వైద్య ఖర్చు మరీ తక్కువగా ఉంది. మల్టిప్లయర్ (సర్వే చేసిన ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకి లెక్కో చెప్పే అంకె) వేశావా అంటే వేశాడు. చూస్తే ఖాళీ గడులన్నీ సున్నాలుగా మారిపోయి ఉన్నాయి. సరిచేయడం ఐదు నిమిషాల పని. అసలు పని ఆ తర్వాత మొదలైంది. మిగిలిన సున్నాలు ఎవరివి అని అడిగాను. ఒక సున్నా జబ్బే రానివాళ్లది. ఇంకోటి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం దొరికినవాళ్లది. మరోటి జబ్బు చేసినా డబ్బుల్లేక ఎక్కడికీ వెళ్లనివాళ్లది. ఈ మూడింటినీ ఒకటే లెక్కలో కలిపేస్తే, వైద్యం మానుకున్న ఇల్లు కూడా ఖర్చు భారం లేని ఇల్లుగానే తేలుతుంది. ఖర్చయిందా లేదా అన్నది ఒక మెట్టు, అయితే ఎంత అన్నది రెండో మెట్టుగా విడదీసే నమూనాలు ఉన్నాయి, అవి నేర్పించొచ్చు. కానీ వైద్యం మానేసినవాళ్లు ఎవరో వెతకాలన్న ఆలోచన ఏ కమాండూ ఇవ్వదు. ఆ అబ్బాయి థీసిస్‌లో నాకు నచ్చిన అధ్యాయం ఆ మూడో సున్నా మీద రాసిందే.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఇంగ్లిష్‌లో రాయడం పెద్ద టెన్షన్. నేను వాళ్లని ముందు వాదన మొత్తం తెలుగులో నోటితో చెప్పమంటాను, ఫోన్‌లో రికార్డు చేసుకోమంటాను. చెప్పగలిగితే రాయడం వస్తుంది. నోటితో చెప్పడమే కుదరకపోతే లోపం ఇంగ్లిష్‌లో లేదు, వాదనలో ఉంది.

డబ్బు విషయం. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, అది సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000, హెచ్ఆర్ఏ అదనం. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం 57,700. చిక్కంతా ఆ 'రెగ్యులర్' దగ్గరే ఉంది. రాష్ట్ర యూనివర్సిటీల్లో నియామకాలు ఏళ్ల తరబడి ఆగిపోవడం, కాంట్రాక్టు మీద ఈడ్చడం మామూలైపోయింది. ఇంట్లో బాధ్యతలుంటే రెండో దారి కూడా చూసుకోండి. ఏ మందుకి, ఏ పరికరానికి ప్రభుత్వం డబ్బు పెట్టడం సబబో తేల్చే హెల్త్ టెక్నాలజీ అసెస్‌మెంట్ పనికి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద హెచ్‌టీఏఇన్ అనే సంస్థ ఉంది. చండీగఢ్ పీజీఐ లాంటి చోట్ల ఆ తరహా పని గట్టిగా జరుగుతోంది. అక్కడ ప్రాజెక్టు ఉద్యోగం చేసి పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు క్లాసులో తేలిగ్గా తెలిసిపోతారు.

డబ్బు కడితే వారంలో వ్యాసం వేసేసే జర్నల్స్ జోలికి మాత్రం పోకండి. థీసిస్ ఇవ్వడానికి ముందు వ్యాసం అచ్చయి తీరాలన్న నిబంధనని యూజీసీ 2022లోనే తీసేసింది, అయినా ఆ దుకాణాలకి గిరాకీ తగ్గలేదు.

గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్ల లిస్టు కన్నా ముందు ఆయన దగ్గర పూర్తి చేసినవాళ్ల థీసిస్‌లు శోధ్‌గంగలో (దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) తెరిచి చూడండి. అన్నిటిలోనూ అదే పద్ధతి, అవే పట్టికలు, జిల్లా పేరు ఒక్కటే మారితే వేరే చోటు వెతుక్కోండి. వీలైతే ఇప్పుడు ఆయన దగ్గరున్న వాళ్లతో టీ తాగి, డ్రాఫ్ట్ ఇచ్చాక ఎన్నాళ్లకి తిరిగొస్తుందో అడగండి.

ఈలోపు జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్‌లోని ఆరోగ్య సర్వే ప్రశ్నల ఫారం, షెడ్యూల్ 25.0, దించుకోండి. 2017 జులై నుంచి 2018 జూన్ దాకా దేశమంతటా 1.13 లక్షల ఇళ్లలో నింపిన ఫారం అది. డేటా కూడా ఉచితంగానే దొరుకుతుంది, కానీ ముందు ఖాళీ ఫారం తీసుకుని మీ ఇంటికి, పక్కింటికి నింపి చూడండి. అమ్మ బీపీ మాత్రలు, నాన్న కళ్ల పరీక్ష, మెడికల్ షాపులో చీటీ లేకుండా కొన్నవి, అన్నీ. ఏ గడి దగ్గర ఏం రాయాలో తెలియక ఆగిపోయారో నోట్ చేసి పెట్టుకుని, గైడ్‌ని కలవడానికి వెళ్లినప్పుడు దాన్నే చూపించండి.