కొత్త ఏడాదిలో రాయడం మొదలుపెట్టాలంటే ముందు ఒక్క మనిషికి థాంక్స్ రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రతి డిసెంబరులో మంచి డైరీ ఒకటి కొంటారు. మొదటి పేజీలో దేవుడికి, అమ్మానాన్నలకు, ఆరోగ్యానికి కృతజ్ఞతలు రాస్తారు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి డైరీ మూలన పడుతుంది. ఈసారైనా ఏడాదిని కృతజ్ఞతతో మొదలుపెట్టి, నెమ్మదిగా ఓ కథో కవితో రాసేదాకా వెళ్లాలని ఆశ. కానీ టార్గెట్లు వద్దు, టెన్షన్ వద్దు.

కృతజ్ఞత ఒక పని, కథ ఇంకో పని అని రెండుగా పెట్టుకోకండి. ఒక మనిషికి, ఆ మనిషి చేసిన ఒక పనికి, వివరంగా థాంక్స్ రాయండి. కథకు కావలసిన సరుకంతా అందులోనే దొరుకుతుంది. నాకు అలాగే దొరికింది కాబట్టి చెప్తున్నాను.

నాకు రాజమండ్రిలో మందుల షాపు ఉంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా బేరాలు పల్చగా ఉంటాయి, అప్పుడు రాసుకుంటాను. అచ్చయినవి తక్కువే. కంపెనీల రెప్రజెంటేటివ్‌లు ఇచ్చే డైరీలతో మా ఇంట్లో ఒక అర నిండిపోయింది, కాబట్టి డైరీలు ఎందుకు ఆగిపోతాయో నాకు కాస్త తెలుసు. "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని మొదటి రోజు రాస్తాం. రెండో రోజూ అవే. మూడో రోజుకి "పైన రాసినవే" అని రాసేయాలనిపిస్తుంది. ఆ మాటల్లో కంటికి కనపడేది ఏదీ లేదు, చేతికి తగిలేది లేదు. ఇంక రాయడానికి ఏముంటుంది?

ఇప్పుడు ఒక ఉదాహరణ చెప్తాను. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. ఆ రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. షాపులో ఇన్వర్టర్ లైట్లకూ కంప్యూటర్‌కూ సరిపోతుంది, ఫ్రిజ్‌ని మోయలేదు. ఫ్రిజ్‌లో ఇన్సులిన్ ఉంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్యే నిల్వ ఉంచాలి. వేడి తగిలితే పాడవుతుంది, గడ్డ కట్టినా పనికిరాదు. పక్కన భోజనం హోటల్ ఆయన ఐస్ ఇచ్చి ఆదుకున్నాడు. డిసెంబరు చివర్లో నోట్‌బుక్ తీసి నేను రాసింది ఇంతే: "పక్క హోటల్ ఆయనకు థాంక్స్. తుపాను రాత్రి ఐస్ ఇచ్చాడు."

మామూలుగా అయితే అక్కడితో చుక్క పెట్టేస్తాం. నేను కాసేపు కూర్చుని, అసలు ఆ రాత్రి నా కళ్లతో ఏం చూశానా అని ఆలోచించాను. చేపలు వచ్చే తెల్లటి థర్మోకోల్ పెట్టె. ఒక మూల విరిగితే గోధుమరంగు టేపు చుట్టారు. మూత మీద బాల్‌పెన్‌తో ఏవో కూడికలు. వానలో మూత తెరుచుకోకుండా పెట్టెను గుండెకు అదిమిపట్టుకుని వచ్చాడు. లోపల ఐస్ మీద ఒక తువ్వాలు మడిచి పరిచి ఉంది. ఐస్ నేరుగా తగలకూడదని నేను ఫోన్‌లో చెప్పిన ఒక్క ముక్క గుర్తుపెట్టుకున్నాడన్నమాట. మెట్ల మీద నిలబడి, "ఆయ్, పెట్టె తెచ్చానండి. కాకపోతే చేపల వాసనండి, మీ మందులకి పర్లేదాండి?" అన్నాడు. మర్నాడు ఇన్సులిన్ కోసం వచ్చిన మామ్మగారు ఒకావిడ కవరు వాసన చూసి, "ఏం నాయనా, ఇవి కూడా గోదాట్లోనే పట్టారా?" అంది.

ఇదంతా రాసేసరికి పేజీన్నర అయింది. నేను కథ రాస్తున్నానని అనుకోలేదు, థాంక్సే రాస్తున్నాను. ఆ తర్వాత ఓ రోజు ఆయన మా షాపుకి అసిడిటీ మాత్రల కోసం వస్తే చదివి వినిపించాను. బాగుందనలేదు, బాగాలేదనలేదు. "తువ్వాలు నాది కాదండి, మా వంటాయనదండి. ఆడు ఇప్పటిదాకా అడుగుతానే ఉన్నాడండి," అన్నాడు.

అసలు కథ నాకు అక్కడ దొరికింది. ఆ వంటాయనది గోదావరి మధ్యలో ఉండే ఒక లంక గ్రామం. తుపాను రాత్రి ఇంటికి వెళ్లే దారి లేక హోటల్లోనే ఉండిపోయాడు. ఒంటి మీదున్న తువ్వాలు తీసి ఐస్ మీద పరిచింది ఆయన. ఇంటిదగ్గర పెళ్లాం, పిల్లలు ఎలా ఉన్నారో తెలియదు, ఫోన్లు కలవడం లేదు. ఎవరో ముక్కూమొహం తెలియని షుగర్ పేషెంట్ల మందు చల్లగా ఉండాలని తన తువ్వాలు ఇచ్చాడు. నేను థాంక్స్ రాసిన మనిషి వెనకాల నేను చూడని ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. కథ ఆయనది అయింది. ఇప్పటికీ పూర్తి కాలేదు, మధ్యలో ఉంది. తొందరేం లేదు.

కాబట్టి మీరు చేయవలసింది పెద్దగా ఏమీ లేదు. గడిచిన ఏడాదిలో మీకు ఏదో ఒకటి చేసిపెట్టిన మనిషిని తీసుకోండి. బాగా దగ్గరివాళ్లు వద్దు. అమ్మ గురించి మొదటే రాయబోతే మాటలన్నీ మనకంటే ముందు ఎవరో వాడేసినవే వస్తాయి. మీ బస్సు కండక్టర్, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, పాప స్కూల్ ఆటో నడిపేతను, బ్యాంకులో ఫారం నింపిపెట్టిన తెలియని అమ్మాయి, ఇలాంటివాళ్లు మేలు. ఆ రోజు వాళ్ల చేతుల్లో ఏముంది? ఏ మాట అన్నారు, అచ్చం ఎలా అన్నారు? ఇంకొక్క ప్రశ్న వేసుకోండి, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే: మీకు ఆ సాయం చేసినందుకు వాళ్లకి ఏం పోయింది? టైమా, డబ్బా, పైవాళ్ల చేత మాటా, తువ్వాలా? దానికి సమాధానం వెతకడం మొదలుపెట్టగానే థాంక్స్ కాస్తా కథ దారి పడుతుంది. సమాధానం తెలియకపోతే ఊహించి రాయండి. కల్పన అంటే అదే కదా.

రోజూ రాయాలా అంటే అక్కర్లేదు. రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెకలఫ్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 2003లో ఒక పరిశోధన అచ్చేశారు. అందులో ఒక ప్రయోగంలో కొంతమంది పది వారాలపాటు వారానికి ఒక్కసారి, తమకు కృతజ్ఞత కలిగించినవి ఐదు దాకా రాశారు. చికాకులు రాసుకున్నవాళ్లకంటే వీళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా ఉందని చెప్పారు. వారానికి ఒకసారే, గమనించండి. నేనైతే ఐదు కూడా వద్దంటాను, ఒక్కటి చాలు, కానీ అది పేజీ నిండా ఉండాలి.

ఇంకో మాట. గడిచిన ఏడాది మీకు నష్టమే మిగిల్చి ఉంటే, ఇంట్లో మనిషి పోయి ఉంటే, జనవరి 1న బలవంతంగా థాంక్స్ రాయకండి. "ఉన్నదానికి సంతోషపడు" అని పక్కవాళ్లు చెప్పే మాట అలాంటప్పుడు ఎంత ఒళ్లు మండిస్తుందో నాకు తెలుసు. బాధనే రాయండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే సైకాలజిస్టు, సాండ్రా బీల్ అనే సహచరితో కలిసి కాలేజీ విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున, తమను బాగా కలతపెట్టిన సంఘటనల గురించి రాయించాడు. 1986లో అచ్చయింది ఆ పరిశోధన. జరిగిందీ, దానివల్ల మనసుకి కలిగిందీ రెండూ రాసినవాళ్లకు రాసిన వెంటనే దిగులు పెరిగింది, బీపీ కూడా పెరిగింది. కానీ తర్వాతి ఆరు నెలల్లో వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. అందుకని మందుల షాపువాడిగా నా సలహా: అలాంటిది రాశాక వెంటనే పనిలో పడకండి, కాసేపు నడిచి రండి.

సరంజామా సంగతి. తేదీలు వేసి ఉన్న డైరీ కొనొద్దు. ఖాళీగా వదిలేసిన ప్రతి తేదీ మనల్ని నిలదీస్తున్నట్టే ఉంటుంది. పిల్లలు వాడే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ తీసుకోండి. తెలుగు టైపింగ్ అలవాటు లేకపోతే ఫోన్ కీబోర్డులో మైకు నొక్కి చెప్పేయొచ్చు, కంప్యూటర్‌లో అయితే ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగులోకి మార్చే లేఖిని అనే సైటు ఉంది. కానీ మైకుతో ఒక చిక్కు. "ఆడు అడుగుతానే ఉన్నాడండి" అని నేను చెప్తే అది తనకి తోచిన తెలుగులోకి మార్చేస్తుంది. మనుషులు మాట్లాడిన తీరు పోతే నా లెక్కలో సగం కథ పోయినట్టే. అందుకే సంభాషణలు చేత్తో రాసుకుంటాను.

పోస్ట్ కార్డు కూడా వాడి చూడండి. ఇంకా దొరుకుతుంది, యాభై పైసలే. కౌంటర్లో అడిగితే ఓసారి తలెత్తి మన మొహం చూస్తారు, అంతే. కార్డు మీద పట్టేది కొన్ని లైన్లే కాబట్టి "మీ మేలు జన్మలో మరచిపోలేను" లాంటివాటికి చోటు వృథా చేయలేం. జరిగింది చెప్పి సంతకం పెట్టాలి. కుదించి రాయడం నాకు నేర్పింది ఆ కార్డే. పైగా పోస్ట్‌మన్ చదువుతాడు, కాబట్టి కాస్త బాగా రాయాలన్న బాధ్యత కూడా ఉంటుంది! అందుకున్నవాళ్లలో కొందరు ఏమీ అనరు. దానికి మనసు కష్టపెట్టుకోవద్దు. నేను కార్డు రాసిన ఒక పాత లెక్కల మాస్టారు మాత్రం ఫోన్ చేసి, నా అక్షరాల్లో ఒత్తులు ఇప్పటికీ సరిగ్గా లేవని చెప్పారు.

ఇక ఆశల విషయం. మనకు కొత్త సంవత్సరాలు రెండున్నాయి కదా, ఆ సదుపాయం వాడుకోండి. జనవరి 1 నుంచి ఉగాది దాకా ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని కాలం అనుకోండి. 2026లో ఉగాది మార్చి 19న, అంటే రెండున్నర నెలలకు పైనే. ఈలోగా వారానికో పేజీ చొప్పున, మధ్యలో మూడు నాలుగు వారాలు ఎగ్గొట్టినా, ఏడెనిమిది పేజీలు ఉంటాయి. అవి చాలు. సంక్రాంతికీ ఉగాదికీ పత్రికలవాళ్లు పెట్టే కథల పోటీల ప్రకటనలు చూసి కంగారుపడొద్దు. ఇంకా పచ్చిగా ఉన్నదాన్ని గడువు కోసం సాగదీసి పంపితే దాని మీద మనకే ఇష్టం పోతుంది. పంపేవాళ్లు పంపనివ్వండి, వచ్చే ఏడు మీరూ పంపొచ్చు.

మార్చిలో ఉగాది సందడి అయ్యాక, తీరిక దొరికిన మధ్యాహ్నం పెన్సిల్ పట్టుకుని ఆ పేజీలు మొదటినుంచి చదవండి. మీరు థాంక్స్ చెప్పిన మనిషి కాకుండా ఇంకెవరో కనపడిన చోటల్లా పక్కన గీత పెట్టండి. నా అనుభవంలో ఏ ఒకటి రెండు పేజీల్లోనో తప్ప ఎక్కడా గీత పడదు. అలాంటి పేజీ ఒక్కటి తీసుకుని, దాన్ని ఏడాది పొడుగునా తీరిగ్గా రాసుకోండి. మిగతావి పోస్ట్ కార్డులకు సరిపోతాయి.