పెద్ద పండుగ ముందు జలుబు, ఫ్లూ: పాఠకుల ప్రశ్నలకు వైద్యుల సమాధానాలు

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ధనుర్మాసంలో మొదలైన రొంప, దగ్గు సంక్రాంతి దాటేదాకా ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి వస్తూనే ఉంటాయి. మా అత్తగారికి 68 ఏళ్లు, షుగరు ఉంది. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఎనిమిది నెలలు. రోగనిరోధక శక్తి కోసం బెల్లం, మిరియాలు వేసిన కషాయం రెండు పూటలా అందరికీ ఇస్తున్నాను. విటమిన్ సి మాత్రలు కూడా వాడమంటారా?

జవాబు: అమ్మా, మాత్రల కంటే ముందు మీ అత్తగారికి ఫ్లూ టీకా వేయించండి. ఫ్లూ వైరస్ తరచూ రూపు మార్చుకుంటుంది కాబట్టి ఈ టీకాను ఏటా వేయించుకోవాలి. రక్షణ ఏర్పడడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది కనుక భోగి ముందు రోజు వేయిస్తే ఆ పండుగకు అక్కరకు రాదు. ఇది మామూలు జలుబును ఆపదు, ఫ్లూను సైతం పూర్తిగా అడ్డుకోలేకపోవచ్చు. అయితే షుగరు ఉన్న పెద్దవారికి ఫ్లూ ముదిరి న్యుమోనియాగా మారే ముప్పును తగ్గిస్తుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకూ దీనిని వేయవచ్చు. మొదటిసారి వేయించే చిన్నపిల్లలకు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు కావాలి.

విటమిన్ సి మాత్రలు రోజూ మింగినా జలుబు రావడం ఆగదు, వచ్చినది కొద్దిగా ముందు తగ్గితే తగ్గవచ్చు. ఆ మాత్రం విటమిన్ మీ పెరటి జామకాయలోనే ఉంది. కషాయం పెద్దవారి గొంతుకు హాయినిస్తుంది, కాదనను. కానీ మీ అత్తగారి గ్లాసులో బెల్లం వేయకండి, పాపకు అసలు పట్టకండి. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించడం ప్రమాదకరం. బాబుకు మాత్రం రాత్రిపూట దగ్గుకు ఒక చెంచా తేనె ఇవ్వవచ్చు. మరిగే నీళ్ల గిన్నె ముందు పిల్లలను కూర్చోబెట్టి ఆవిరి పట్టించవద్దు; ఒళ్లు కాల్చుకుని ఆసుపత్రికి వచ్చే పిల్లలు ఉన్నారు.

మంచు పడుతోందని తలుపులన్నీ బిగించి, పట్నం నుంచి వచ్చిన చుట్టాలతో కలిసి అందరూ ఒకే గదిలో పడుకోవడమే జలుబు అందరికీ అంటుకోవడానికి ముఖ్య కారణం. ఫ్లూ సోకినవారు లక్షణాలు బయటపడడానికి ఒక రోజు ముందు నుంచి అయిదారు రోజుల వరకు దానిని ఇతరులకు అంటించగలరు. అందుచేత ఎండ రాగానే కిటికీలు తెరవండి, దగ్గుతున్నవారికి వేరే పడక వేయండి, పాపను ఎత్తుకునే ముందు ఎవరైనా సరే సబ్బుతో చేతులు కడుక్కోవాలని చెప్పండి. చుట్టాలు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. సార్వా కోతల దుమ్ము, గడ్డి తగలబెట్టిన పొగ, భోగిమంటల పొగ కూడా దగ్గు తెప్పిస్తాయి కాబట్టి పెద్దవారిని, పసివారిని వాటికి దూరంగా ఉంచాలి.

ప్రశ్న: జ్వరం రాగానే మా ఊళ్లో సూది వేసి యాంటీబయాటిక్ ఇస్తారు, రెండు రోజుల్లో తగ్గుతోంది. ఇందులో తప్పేముంది? (భీమవరం పాఠకుడు)

జవాబు: జలుబుపైనా, ఫ్లూపైనా యాంటీబయాటిక్ పనిచేయదు, అది బ్యాక్టీరియాను చంపే మందు, ఇవి వైరస్ జబ్బులు. మీకు తగ్గినది పారాసెటమాల్ వల్ల, విశ్రాంతి వల్ల, జబ్బు తనంతట తాను తగ్గడం వల్ల. పిల్లలకు జ్వరానికి ఆస్పిరిన్ ఇవ్వకండి. ఫ్లూకు వైరస్ మందు ఉంది, అయితే లక్షణాలు కనిపించిన 48 గంటలలోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. కాబట్టి వృద్ధులు, గర్భిణులు, షుగరు, ఆస్తమా ఉన్నవారు ఒళ్లునొప్పులతో తీవ్రజ్వరం వచ్చిన మొదటి రోజే వైద్యుడిని కలవాలి. ఆయాసం, ఛాతీనొప్పి, మగత, పెదవులు నీలంగా మారడం, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువగా రావడం, పసిబిడ్డ పాలు తాగకపోవడం వంటివి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.